డేటాసోర్స్ పేరు ఎవరి చేతిలో ఉండాలి?

బ్యాంకులకీ, బీమా సంస్థలకీ, ప్రభుత్వ పోర్టళ్లకీ వెనకాల నడిచే జావా ప్రోగ్రాములకి డేటాబేస్ కావాలి, మెసేజ్ క్యూ కావాలి, మెయిల్ పంపే ఏర్పాటు కావాలి. వీటిని రిసోర్సులంటారు, డేటాబేస్‌కి కలిపేదాన్ని డేటాసోర్స్ అంటారు. ఇవి ప్రోగ్రాములో పుట్టవు, సర్వర్ దగ్గర ఉంటాయి. వాటిని ప్రోగ్రాము చేతికి ఎలా అందించాలన్న వాదన పాతికేళ్లుగా నడుస్తోంది. పేరు రాసుకుని వెతుక్కోమంటుంది ఒక పక్షం. ఏ టైప్ కావాలో చెబితే, సర్వర్‌లో ప్రోగ్రాముని నడిపే కంటైనరే తెచ్చి ఇస్తుందంటుంది ఇంకో పక్షం. 2009 డిసెంబరులో జావా ఈఈ 6తో పాటు వచ్చిన సీడీఐ (కాంటెక్స్ట్స్ అండ్ డిపెండెన్సీ ఇంజెక్షన్) ఈ రెండో మాటని ప్రమాణంగా మార్చింది. నేను రెండో పక్షం వైపు. అయినా మొదటి పక్షం వేసే ప్రశ్నలకి జవాబు చెప్పుకోకుండా ఆ వైపు నిలబడటం కుదరదని నా నమ్మకం. అందుకే ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు కోడ్ రాసే యువకుడు. రెండోవారు ఆ కోడ్‌ని రాత్రీపగలూ నడిపించే సర్వర్ అడ్మిన్, అతనికన్నా పెద్దావిడ.

అడ్మిన్: స్ట్రింగ్ పేర్లన్నీ తీసేస్తానని డిజైన్ రివ్యూలో అన్నావట. పేర్లు తీసేస్తే నా సర్వర్‌లో ఉన్న డేటాసోర్స్ ఏదో నీ ప్రోగ్రాముకి ఎలా తెలుస్తుంది?

డెవలపర్: అన్నీ తీసేస్తాననలేదక్కా. చెల్లాచెదురుగా పడి ఉన్నవి తీస్తానన్నాను. మన పాత కోడ్‌లో ప్రతి క్లాసూ చేసే పని చూడండి. జేఎన్‌డీఐ అనే పేర్ల పట్టికలోకి ఇనీషియల్ కాంటెక్స్ట్ తెరుస్తుంది, లుకప్‌కి ఒక స్ట్రింగ్ ఇస్తుంది, వచ్చినదాన్ని డేటాసోర్స్‌గా కాస్ట్ చేసుకుంటుంది. లుకప్ ఇచ్చేది ఉత్త ఆబ్జెక్ట్, అందులో ఏముందో కంపైలర్‌కి తెలీదు. స్ట్రింగ్‌లో అక్షరం తప్పితే నేమ్ నాట్ ఫౌండ్ ఎక్సెప్షన్. పేరు సరిగ్గానే ఉండి ఆ పేరు మీద డేటాసోర్స్ బదులు క్యూ ఉంటే క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్. ఏదైనా సరే ఆ లైను నడిచినప్పుడే బయటపడుతుంది. నెలాఖరున మాత్రమే నడిచే వడ్డీ లెక్కలో ఆ లైను ఉంటే, తప్పు కూడా నెలాఖరు దాకా ఆగుతుంది.

అడ్మిన్: లుకప్ పెట్టినవాళ్లకి బుద్ధి లేదన్నట్టు మాట్లాడకు. 1999లో జావా ఈఈ తొలి రూపం జే2ఈఈ వచ్చినప్పుడు పనిని మనుషుల మధ్య పంచారు. కాంపొనెంట్ రాసేవాళ్లు, వాటిని కూర్చేవాళ్లు, డిప్లాయర్, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, ఇలా ఎవరి పాత్ర వాళ్లకి స్పెసిఫికేషన్‌లోనే రాసి పెట్టారు. నువ్వు కోడ్‌లో రాసే జావా:కాంప్/ఎన్వ్ పేరు అసలు పేరు కాదు, నీ ప్రోగ్రాముకి మాత్రమే కనిపించే మారుపేరు. నాకిలాంటిదొకటి కావాలని వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో నువ్వు రిసోర్స్ రెఫ్ రాస్తావు. టెస్ట్‌లో దాన్ని ఏ డేటాబేస్‌కి కలపాలో, లైవ్‌లో దేనికి కలపాలో వెబ్‌లాజిక్ ఫైల్లోనో జేబాస్ ఫైల్లోనో నేను రాస్తాను. నీ కోడ్ ముట్టుకోకుండా, మళ్లీ కంపైల్ చేయించకుండా డేటాబేస్ మార్చుకునే వీలు నాకు ఇచ్చింది ఆ స్ట్రింగే.

డెవలపర్: పంపకం మంచిదే, అది పోకూడదు. కానీ ఒకే సంగతిని కోడ్‌లో ఒకసారి, వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో ఒకసారి, సర్వర్ ఫైల్లో ఒకసారి రాయాల్సి వచ్చింది. మూడూ కలిశాయా లేదా అని ముందుగా చూసే నాథుడు లేడు. ఆ లుకప్ గోల భరించలేకే సర్వీస్ లొకేటర్ అనే ప్యాటర్న్ పుట్టింది. అది గోలని ఒక క్లాసు వెనక్కి నెట్టింది కానీ తీర్చలేదు. 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ డిపెండెన్సీ ఇంజెక్షన్ అన్న పేరుతో రాసిన వ్యాసం...

అడ్మిన్: నేనూ చదివాను. ఒక అప్లికేషన్ కోసమే రాసే క్లాసులైతే రెండు పద్ధతులూ దాదాపు సమానమని, ఏం జరుగుతోందో తిన్నగా కనిపిస్తుంది కాబట్టి లొకేటర్‌దే కాస్త పైచేయని ఆయన అందులోనే అన్నారు. పలు అప్లికేషన్లలో వాడుకునే క్లాసులకి ఇంజెక్షన్ మేలన్నారు. ఆ వ్యాసం పేరు చెప్పి లొకేటర్‌ని కొట్టిపారేసేవాళ్లు ఆ పేరా దాకా చదవరు.

డెవలపర్: ఒప్పుకుంటాను. అయితే ఆ వ్యాసం నాటికి జావాలో యానొటేషన్లు లేవు, జెనెరిక్స్ లేవు. ఆ రెండూ అదే ఏడాది సెప్టెంబరులో జావా 5తో వచ్చాయి. 2006లో జావా ఈఈ 5 వాటిని వాడుకుని లుకప్ లైనునే తీసేసింది. ఫీల్డు మీద రిసోర్స్ అన్న యానొటేషన్ పెడితే కంటైనరే నింపుతుంది. కాస్ట్ చేయాల్సిన పని పోయింది.

అడ్మిన్: పేరు పోలేదు కదా. యానొటేషన్ బ్రాకెట్లలోకి వెళ్లి కూర్చుంది. రాయకుండా వదిలేస్తే ఇంకా ఇబ్బంది. క్లాసు పేరూ ఫీల్డు పేరూ కలిపి తనకి తనే ఒక పేరు కట్టుకుంటుంది. కోడ్ శుభ్రం చేస్తున్నామని మీలో ఒకరు ఫీల్డు పేరు మారుస్తారు. మీ దృష్టిలో అది చిన్న సవరణ. నా సర్వర్ ఫైల్లో పాత పేరు అలాగే ఉంటుంది, రెండింటికీ మధ్య ముడి తెగిపోతుంది.

డెవలపర్: ఆ ముడి గురించే సీడీఐ. ఖాతాల డేటాబేస్‌దీ రిపోర్టుల డేటాబేస్‌దీ టైప్ ఒకటే, జావాక్స్ డాట్ ఎస్‌క్యూఎల్ డాట్ డేటాసోర్స్. టైప్ ఒక్కటే చెప్పి అడిగితే ఏది ఇవ్వాలి? వీధిలో నిలబడి శ్రీనూ అని కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు. ఇంటిపేరు కలిపితే మనకి కావలసినవాడే వస్తాడు. సీడీఐలో క్వాలిఫయర్ ఆ ఇంటిపేరు. ఖాతాలు అని నేనే ఒక యానొటేషన్ టైప్ చేసుకుంటాను. ఒకే ఒక క్లాసులో ఒక డేటాసోర్స్ ఫీల్డు పెట్టి, దాని మీద ప్రొడ్యూసెస్, రిసోర్స్, ఖాతాలు అన్న మూడు యానొటేషన్లు రాస్తాను. మీ సర్వర్‌లోని పేరు అక్కడ ఒక్కసారే కనిపిస్తుంది. మిగతా క్లాసులన్నీ ఇంజెక్ట్, ఖాతాలు, డేటాసోర్స్ అని అడుగుతాయి. క్వాలిఫయర్ పేరులో అక్షరం తప్పితే కంపైలరే ఆపేస్తుంది. ఖాతాల డేటాబేస్‌ని ఎవరెవరు వాడుతున్నారని ఐడీఈని అడిగితే చూపిస్తుంది. స్ట్రింగ్ అయితే మొత్తం ఫైళ్లలో అక్షరాల కోసం గాలించాలి, దొరికినవన్నీ అవేనన్న భరోసా కూడా ఉండదు.

అడ్మిన్: అక్షరం తప్పు సరే. ఆ క్వాలిఫయర్‌తో డేటాసోర్స్ ఇచ్చే ప్రొడ్యూసర్‌ని ఎవరూ రాయలేదనుకో. కంపైలర్ పట్టుకుంటుందా?

డెవలపర్: పట్టుకోదు. కంటైనర్ పట్టుకుంటుంది. అప్లికేషన్ లేస్తున్నప్పుడే, ఇంజెక్ట్ అని అడిగిన చోటు, అంటే ప్రతి ఇంజెక్షన్ పాయింట్‌నీ చూస్తుంది. ఇచ్చేవాళ్లు లేకపోయినా, ఇద్దరు ఉండి ఎవరో తేలకపోయినా డిప్లాయ్‌మెంట్‌నే నిలిపేస్తుంది. సీడీఐని అమలు చేసే వెల్డ్‌ని వాడే సర్వర్లలో మొదటిదానికి 001408, రెండోదానికి 001409 అన్న నంబర్లు లాగ్‌లో మీరు చూసే ఉంటారు. ఏ క్లాసు, ఏ ఫీల్డు, ఏ క్వాలిఫయర్ అన్నది అందులోనే ఉంటుంది. మొదటి కస్టమర్ రాకముందే తెలిసిపోతుంది.

ఇక్కడ నేనొక మాట కలపాలి. మనవాళ్లలో చాలామంది అమీర్‌పేట కోచింగుల్లో మొదట పట్టుకున్న ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్. ఆటోవైర్డ్ అని రాస్తే పని జరిగిపోతుందని నేర్చుకుని వచ్చారు. స్ప్రింగ్ కూడా టైప్ చూసే ఇస్తుంది. అయితే ఒకే టైప్‌వి రెండు ఉండి, ప్రైమరీ అనో క్వాలిఫయర్ అనో ఏమీ రాయకపోతే, అది వెంటనే ఆగిపోదు. ఫీల్డు పేరుతో కలిసే బీన్ ఉందేమో చూసి, ఉంటే దాన్నే ఇచ్చేస్తుంది. అంటే ఫీల్డు పేరు ఖాతాలడీబీ నుంచి రిపోర్ట్‌డీబీకి మారిస్తే, ఆ పేరుతో వేరే బీన్ ఉంటే, క్లాసు నిశ్శబ్దంగా ఇంకో డేటాబేస్‌తో మాట్లాడటం మొదలుపెడుతుంది. కంపైలర్ ఏమీ అనదు, సర్వర్ హాయిగా లేస్తుంది. సౌకర్యం కోసం పెట్టిన ఈ మెట్టు నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఇద్దరు సమానంగా అర్హులైనప్పుడు ఊహించి ఇవ్వడం కన్నా తేల్చమని అడగడం ఫ్రేమ్‌వర్క్ చేయాల్సిన పని. సీడీఐ ఆ పని చేస్తుంది. స్ప్రింగ్‌లోనూ సొంత క్వాలిఫయర్ యానొటేషన్లు చేసుకోవచ్చు, కానీ స్ట్రింగ్ ఇచ్చే దారి దగ్గరది కాబట్టి చాలామంది అందులోనే వెళతారు.

సీడీఐకి ఈ పట్టుదల ఊరికే రాలేదు. గావిన్ కింగ్ 2006లో విడుదల చేసిన సీమ్ అనే ఫ్రేమ్‌వర్క్ పేర్ల మీదే నడిచేది. 2007లో గూగుల్ నుంచి బాబ్ లీ తెచ్చిన గైస్ అనే ఫ్రేమ్‌వర్క్, టైప్‌నీ యానొటేషన్‌నీ తాళం చెవిగా వాడొచ్చని చూపించింది. గావిన్ కింగ్ వెబ్ బీన్స్ పేరుతో మొదలుపెట్టిన స్పెసిఫికేషనే సీడీఐ అయింది. దానికి సమాంతరంగా బాబ్ లీ, స్ప్రింగ్ సృష్టికర్త రాడ్ జాన్సన్ కలిసి ఇంజెక్ట్, క్వాలిఫయర్ వంటి కొద్ది యానొటేషన్లతో ఇంకో చిన్న స్పెసిఫికేషన్ తెచ్చారు. 2009 చివరికి రెండూ రాజీపడి, పెద్దది చిన్నదాని మీద నిలబడింది.

అడ్మిన్: సరే, నీ ఇంటిపేరు పోలికనే తీసుకుంటాను. ఇంటిపేరు అదే, పిలిస్తే వచ్చినవాడు మాత్రం ఇంకో ఊరివాడు. నీ ప్రొడ్యూసర్ ఫీల్డులో ఉన్న పేరు నా సర్వర్‌లో ఉంది. టైప్ డేటాసోర్సే. క్వాలిఫయర్ ఖాతాలే. దాని వెనకాల యూఆర్ఎల్ మాత్రం టెస్ట్ డేటాబేస్‌ది. నీ టైపులన్నీ పాసైపోయాయి, లైవ్ లావాదేవీలు టెస్ట్‌లో పడుతున్నాయి. ఇలాంటిది జరిగితే అర్ధరాత్రి ఫోన్ వచ్చేది నాకు.

డెవలపర్: అక్కడ టైప్ ఏమీ చేయలేదు. యూఆర్ఎల్ బయటి ప్రపంచంలోది. కంపైలర్ చూసేది ప్రోగ్రాము లోపలే.

అడ్మిన్: అది గట్టిగా చెప్పు. టైప్‌సేఫ్ అని స్లైడ్‌లో రాస్తే, ఇక ఏ తప్పూ జరగదని మేనేజర్లు అనుకుంటారు. డిప్లాయ్‌మెంట్ చెక్‌లిస్ట్‌లో ఒక లైను తీసేయమంటారు.

డెవలపర్: లైను తీయకండి. కానీ ఒకటి చూడండి. పాత పద్ధతిలో బయటి ప్రపంచం మా కోడ్‌లో వందచోట్ల తగిలేది. ఇప్పుడు ఒక్క క్లాసులో తగులుతుంది. తప్పు ఎక్కడ జరగగలదో వేలు పెట్టి చూపించగలుగుతున్నాను. లుకప్ ఎక్కడైనా చేయొచ్చంటే ఏమవుతుందో 2021 డిసెంబరులో చూశాం. లాగ్‌లోకి వచ్చిన వాక్యంలో జేఎన్‌డీఐ పేరు ఉంటే లాగ్4జే అనే లైబ్రరీ దాన్ని వెళ్లి వెతికేది. బయటివాడు తన సర్వర్ చిరునామా రాసి పంపితే అక్కడి కోడ్ తెచ్చుకుని నడిపేసే పరిస్థితి వచ్చింది. తీవ్రత కొలమానం మీద పదికి పది ఇచ్చారు దానికి.

అడ్మిన్: ఆ వారమంతా మేం నిద్రపోలేదు కాబట్టి నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ అది రిసోర్స్ ఇంజెక్షన్ తప్పు కాదు. బయటివాడు టైప్ చేసిన అక్షరాలని లుకప్‌కి అందించడం తప్పు. నువ్వు సీడీఐ వాడినా ఆ లైబ్రరీ నీ ప్రోగ్రాములో ఉంటే అదే గతి పట్టేది. నీ వాదానికి అది సాక్ష్యం కాదు.

డెవలపర్: నా వాదానికి సాక్ష్యం కాదు, నిజమే. లుకప్ ఎక్కడపడితే అక్కడ అందుబాటులో ఉండకూడదన్న మాట వరకే అది పనికొస్తుంది.

అడ్మిన్: అంతవరకైతే సరే. ఇప్పుడు నా అసలు సందేహం. స్ట్రింగ్ పేరు అయితే తప్పినప్పుడు కనీసం ఎక్సెప్షన్ వస్తుంది. నీ యానొటేషన్ కూడా ఒక పేరే. కంటైనర్ క్లాసు ఫైలు తెరిచి ఆ పేరు కోసం చూస్తుంది. 2020 డిసెంబరులో, జావా ఈఈకి కొత్త పేరైన జకార్తా ఈఈ 9 వచ్చి ప్యాకేజీ పేర్లలో జావాక్స్‌ని జకార్తాగా మార్చింది. ఒరాకిల్, ఎక్లిప్స్ ఫౌండేషన్ మధ్య జావాక్స్ పేరు మీద ఒప్పందం కుదరక వచ్చిన మార్పు అది. పాత జార్ ఒకటి క్లాస్‌పాత్‌లో మిగిలిపోయింది, మీవాళ్ల ఫైల్లో పాత జావాక్స్ ఇంజెక్ట్ అలాగే ఉంది. కంపైల్ అవుతుందా?

డెవలపర్: అవుతుంది.

అడ్మిన్: కొత్త సర్వర్ ఆ యానొటేషన్‌ని గుర్తుపడుతుందా?

డెవలపర్: పట్టదు. తనకి తెలియని యానొటేషన్‌ని పక్కన పెట్టేస్తుంది. ఫీల్డు ఖాళీగా ఉండిపోతుంది.

అడ్మిన్: కస్టమర్ వచ్చి బటన్ నొక్కాక నల్ పాయింటర్. ఏ 001408 రాదు, ఎందుకంటే అక్కడ ఒక ఇంజెక్షన్ పాయింట్ ఉందన్న సంగతే కంటైనర్‌కి తెలీదు. అలాగని అన్నీ గుడ్డిగా మార్చినా కుదరదు. నీ డేటాసోర్స్ ఉన్న జావాక్స్ డాట్ ఎస్‌క్యూఎల్ జావా ఎస్ఈలో భాగం, అది అలాగే ఉంది. ఇంకొకటి విను. ఖాళీ బీన్స్ డాట్ ఎక్స్ఎంఎల్ పెడితే ఆ జార్‌లోని క్లాసులన్నీ బీన్లేనని మొదట్లో అర్థం. సీడీఐ 4తో ఆ అర్థం మారింది, యానొటేషన్ ఉన్నవాటినే లెక్కలోకి తీసుకుంటుంది. ఇంజెక్ట్ అయ్యే క్లాసైతే స్టార్ట్ అవ్వకుండా ఆగుతుంది, బాగానే ఉంది. ఈవెంట్లు వినే అబ్జర్వర్ మాత్రమే ఉన్న క్లాసైతే? దాన్ని ఎవరూ అడగరు. మాయమైపోతుంది, పిలుపు రాదు, ఎక్సెప్షన్ రాదు. ఆడిట్ రికార్డు రాసే అబ్జర్వర్ అదే అయితే ఎప్పుడు తెలుస్తుంది నీకు?

డెవలపర్: అబ్జర్వర్ సంగతికి నా దగ్గర టైప్ జవాబు లేదు. టెస్ట్ రాయాల్సిందే. ఖాళీ ఫీల్డు సంగతికి ఉంది. నేను ఫీల్డులోకి ఇంజెక్ట్ చేయించుకోను, కన్‌స్ట్రక్టర్ ద్వారా తీసుకుంటాను. ఉత్త రిసోర్స్ యానొటేషన్‌తో ఈ పని కుదరదు, దాన్ని క్లాసు మీద, ఫీల్డు మీద, మెథడ్ మీదే పెట్టనిస్తారు, కన్‌స్ట్రక్టర్ పారామీటర్ మీద పెట్టనివ్వరు. ప్రొడ్యూసర్ మధ్యలో ఉంటే కుదురుతుంది. అప్పుడు ఫీల్డుని ఫైనల్ చేయొచ్చు. ఇంజెక్ట్‌ని గుర్తుపట్టకపోతే, ఖాళీ కన్‌స్ట్రక్టర్ కూడా లేకపోతే, ఆ క్లాసు అసలు బీనే కాదు. దాన్ని అడిగినచోట కంటైనర్ ఆగిపోతుంది. పైగా టెస్టులో సర్వర్ లేకుండానే ఒక డేటాసోర్స్ చేతికిచ్చి ఆ క్లాసుని నడిపి చూడొచ్చు. టైపుల వల్ల నాకు రోజూ దక్కే లాభం నిజానికి అదే.

అడ్మిన్: అప్లికేషన్ స్కోప్ పెట్టిన క్లాసుకి ప్రాక్సీ కావాలి, ప్రాక్సీకి ఖాళీ కన్‌స్ట్రక్టర్ కావాలని మీవాళ్లే ఒకటి చేర్చేస్తారుగా. చేర్చగానే నువ్వు చెప్పిన కాపలా తలుపు తీసినట్టే.

డెవలపర్: చేరుస్తారు. స్పెసిఫికేషన్ అడుగుతుంది కాబట్టి తప్పు పట్టలేను. డేటాబేస్‌తో మాట్లాడే క్లాసులని డిపెండెంట్ స్కోప్‌లో ఉంచితే ఆ అవసరం రాదు, అది మా టీములో నియమం చేయగలను. జావాక్స్ ఇంజెక్ట్ ఉన్న పాత జార్ బిల్డ్‌లో కనిపిస్తే బిల్డ్ ఫెయిల్ అయ్యేలా కూడా పెట్టగలను. డాగర్ అనే లైబ్రరీ అయితే ఇచ్చేవాళ్లు లేరన్న తప్పుని కంపైల్ దశలోనే చూపిస్తుంది, క్వార్కస్ అనే ఫ్రేమ్‌వర్క్ బిల్డ్ చేస్తున్నప్పుడే సీడీఐ ముడులన్నీ వేసి చూస్తుంది. తప్పు మీ మెషిన్ దాకా రాకుండా నా మెషిన్ మీదే ఆగుతుంది.

అడ్మిన్: బిల్డ్‌లో ముడులు వేసేస్తే, టెస్ట్‌లో నడిపిన జార్‌నే లైవ్‌లో నడిపే హక్కు నాకు ఉంటుందా? నాకు అది ప్రాణం. ఒకసారి పరీక్షించినదాన్నే నడపాలి.

డెవలపర్: యూఆర్ఎల్, యూజర్, పాస్‌వర్డ్ నడిచేటప్పుడే ఇవ్వొచ్చు. డేటాబేస్ ఏ రకం, పోస్ట్‌గ్రెసా ఒరాకిలా అన్నది మాత్రం క్వార్కస్‌లో బిల్డ్ అప్పుడే ఖాయమవుతుంది. టెస్ట్‌లో ఒకటి, లైవ్‌లో ఇంకొకటి వాడే అలవాటు ఉన్నవాళ్లకి ఇబ్బంది. మనం రెండుచోట్లా ఒకటే వాడుతున్నాం.

అడ్మిన్: అలా అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ నా టెస్ట్ యూఆర్ఎల్ ప్రశ్న అలాగే మిగిలింది. ఊరు తప్పినవాడిని ఎలా పట్టుకుంటావు?

డెవలపర్: డేటాబేస్‌నే అడుగుదాం. ప్రతి డేటాబేస్‌లో ఒకే ఒక వరుస ఉన్న టేబుల్ పెట్టండి, ఇది ఖాతాలది, ఇది లైవ్‌ది అని. అప్లికేషన్ లేచేటప్పుడు స్టార్టప్ సింగిల్టన్ ఒకటి ఒక్కో క్వాలిఫయర్ కింద వచ్చిన డేటాసోర్స్‌కి కనెక్ట్ అయి ఆ వరుస చదువుతుంది. క్వాలిఫయర్‌తోనూ, ఈ సర్వర్ లైవా టెస్టా అని మీరు ఇచ్చిన విలువతోనూ పోలుస్తుంది. కలవకపోతే ఎక్సెప్షన్ వేసి అప్లికేషన్‌ని లేవనివ్వదు. లోపల టైప్ కాపలా, గడప దగ్గర ఈ పరీక్ష.

అడ్మిన్: ఆ టేబుల్‌ని బ్యాకప్‌తో పాటు లైవ్ నుంచి టెస్ట్‌కి కాపీ చేస్తే అది కూడా అబద్ధం చెబుతుంది. రీస్టోర్ స్క్రిప్టులో దాన్ని మార్చే లైను నేను చేరుస్తాను. ఎక్సెప్షన్‌లో క్వాలిఫయర్ పేరు, జేఎన్‌డీఐ పేరు, డేటాబేస్ ఇచ్చిన జవాబు, మూడూ రావాలి. ఏదో తేడా ఉందని ఊరుకుంటే కుదరదు.

డెవలపర్: మూడూ పెడతాను.

అడ్మిన్: ఇంకొకటి. ఆ ప్రొడ్యూసర్ క్లాసులో ఒక్క అక్షరం మారినా రివ్యూ నా దగ్గరికి రావాలి. నేను ఒప్పుకోకుండా మెర్జ్ కాకూడదు. అందులో ఉన్నది నా సర్వర్ పేరు.

డెవలపర్: వస్తుంది. బదులుగా మీ సర్వర్ డేటాసోర్స్ ఫైలు కూడా గిట్‌లోకి రావాలక్కా. దాన్ని మార్చేటప్పుడు నేను చూడాలి.

అడ్మిన్: పాస్‌వర్డులు వాల్ట్‌లోకి మార్చాక పెడతాను. అంతకుముందు అడగకు.